ఫ్రేము మూలలకి బెల్టు క్లాంపు, వాడినాక చెప్తాండా

నిమ్మలకుంట తోలుబొమ్మలు ఫ్రేము కట్టిద్దామని అనంతపురంలో అడిగితే అందరూ ఫైబర్ బీడింగే చూపిస్తాండారు, టేకు అంటే రేటు వినలేం, సరేలే ఇంట్లోనే చేసుకుందామని జిగురు ఆరేదాకా ఫ్రేము మూలల్ని బిగించి పట్టుకునే ఈ బెల్టు క్లాంపు ఆన్‌లైన్‌లో తెప్పించినా. నైలాన్ బెల్టు, నాలుగు ప్లాస్టిక్ మూలలు, బిగించేదానికి హ్యాండిల్, అంతే సామాను.

పని మాత్రం బాగుండాది. ఎల్ షేపు క్లాంపులు ఒక్కో మూలే పట్టుకుంటాయి, మూడు నీటుగా కూర్చున్నా నాలుగోది నోరు తెరుస్తాది. దీంట్లో నాలుగూ ఒకేసారి దగ్గరికొస్తాయి, జిగురు పచ్చిగా ఉన్నప్పుడే ఐమూలగా రెండు పక్కలా టేపు పెట్టి కొలిచి, ఎక్కువొచ్చిన పక్క కొంచెం నొక్కితే సరి.

అట్లని కోత తప్పుంటే బెల్టేం చేస్తాదన్నా? ఒక్కో కోత ఒకే పక్కకి అర డిగ్రీ తప్పినా, నాలుగు బద్దలకి రెండేసి చివర్లు, మొత్తం ఎనిమిది కోతలు కదా, అంతా కలిసి చివరి మూలలో 4 డిగ్రీల సందు తేలుతాది. రివ్యూల్లో గ్యాప్ వస్తాంది వేస్ట్ అని తిట్టినోళ్లు ఉండారు, నాకైతే అది రంపం మీద పెట్టాల్సిన కంప్లయింట్ అనిపిస్తాంది. ఎదురెదురు బద్దలు సమానంగా లేకున్నా అదే గతి, రెండూ పక్కపక్కన పెట్టి చివర్లు వేలితో తడిమి చూడండి, కంటికన్నా వేలికే ముందు తెలుస్తాది.

ఇంగ జిగురు. అడ్డంగా కోసిన చివర స్పాంజి మాదిరి ఫెవికాల్ అంతా తాగేస్తాది, అందుకే ముందు పల్చగా ఒక పూత పూసి ఇంకనిచ్చి, మళ్లీ పూసి బిగించాలి. ఎండాకాలం మన దగ్గర ఫ్యాన్ కింద మాత్రం పెట్టుకోవద్దు, బిగించేలోపే పైన పొర కట్టేస్తాది.

నచ్చనిది హ్యాండిల్. వదులు చేసేటప్పుడు లాక్ ఇరుక్కుంటాది, చెయ్యి నొప్పి పుడతాది, దానికే ఒక స్టార్ కోసేసినా. బయటికొచ్చిన జిగురు ప్లాస్టిక్ మూలలకి పట్టేస్తాది కాబట్టి లోపల సెల్లోటేపు వేసుకోండి. సన్న బద్దలైతే మరీ గట్టిగా లాగొద్దు, మధ్యలో వంగుతాయి.

బెల్టు తీసినాక వట్టి జిగురునే నమ్ముకోవద్దు. తోలుబొమ్మలో నుంచి వెలుతురు రావాలంటే ముందొక అద్దం వెనకొక అద్దం పెట్టాల, బరువు బాగా ఎక్కుతాది. నేనైతే ఎండినాక ప్రతి మూలకీ బయట పక్కనుంచి రంపంతో గాడి కోసి సన్న చెక్కముక్క దూర్చి అతికించినా. టేకులో మామిడి చెక్క వేసినా, మూల మీద తెల్లగీత మాదిరి కనపడతాది, చూసినోళ్లు డిజైన్ అనుకుంటాండారు.