‘రాత్రంతా డ్రోన్ కాపలా’ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టకండి

హైదరాబాద్ చుట్టూ శంకర్‌పల్లి, షాద్‌నగర్, ఘట్‌కేసర్ వైపు ప్లాటో విల్లానో ఉన్నవాళ్లకు కబ్జా భయం ఎలాగూ ఉంటుంది. ఆ భయాన్ని చూసి “వాచ్‌మన్ దండగ, డ్రోన్ తిరుగుతూ ఉంటుంది” అని డ్రోన్ ప్యాకేజీ అమ్మడానికి ఎవరైనా వస్తే, ముందు బ్యాటరీ లెక్క అడగండి.

249 గ్రాముల డ్రోన్ పెట్టె మీద 30 నిమిషాలు ఎగురుతుందని ఉంటుంది. అది గాలి లేనప్పటి మాట. 20 శాతం చార్జింగ్ మిగిలి ఉండగానే దించాలి కాబట్టి చేతికొచ్చేది సుమారు 20 నిమిషాలు. రాత్రి 8 నుంచి పొద్దున 6 దాకా అంటే 30 సార్లు ఎగరాలి. ప్యాకేజీలో మూడు బ్యాటరీలు ఇస్తే గంట కాపలా, ఆ తర్వాత ఒక్కోటి నిండడానికి గంటకు అటూఇటూ పడుతుంది. థర్మల్ కెమెరా లేకపోతే వీధి దీపం లేని ప్లాటు తెరమీద నల్లటి మచ్చే. వానలో ఎగరదు. పగలు ఎగరేద్దామన్నా చాలా మోడళ్లకు 40 డిగ్రీలే హద్దు, మన మే నెల మధ్యాహ్నాలు దాన్ని దాటేస్తాయి. సన్నటి కరెంటు తీగలు, సంక్రాంతి మాంజా దానికి కనబడవు.

ఇంకో కిటుకు: 249 గ్రాములకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదని చెప్పి, దానికే రెక్కల గార్డులు, లైటు తగిలిస్తారు. మొత్తం బరువు 250 దాటగానే అది నానో కాదు, మైక్రో. డబ్బు తీసుకుని మైక్రో డ్రోన్ ఎగరేసేవాళ్లకు 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ఆ సర్టిఫికెట్ ఉండాలి, థర్డ్ పార్టీ బీమా కూడా. వంటింటి డిజిటల్ త్రాసు మీద బ్యాటరీతో సహా మీ ఎదుటే తూచమనండి. విమానాలు దిగే బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ చుట్టుపక్కల అయితే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు ‘డిజిటల్ స్కై’ మ్యాప్‌లో మీ స్థలం ఏ జోన్‌లో ఉందో చూడకుండా రూపాయి ఇవ్వొద్దు.

అన్నిటికన్నా బాధించేది పక్కింటివాళ్ల సంగతి. 200 గజాల ప్లాటు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు అనుకోండి. వంద అడుగుల ఎత్తు నుంచి నేరుగా కిందికి చూసినా వీడియోలో సుమారు 140 అడుగుల వెడల్పు పడుతుంది. అంటే చుట్టూ నాలుగైదు ఇళ్ల మిద్దెలు, పెరళ్లు, బట్టలారేసే ఆడవాళ్లు. స్నానం, బట్టలు మార్చుకోవడం లాంటి ఏకాంత పనుల్లో ఉన్న స్త్రీని చిత్రీకరిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద మొదటి నేరానికే ఏడాది నుంచి 3 ఏళ్ల జైలు. ఫిర్యాదు వస్తే పోలీసులు ముందు తట్టేది మీ తలుపే.

ఆ వీడియో ఎవరి దగ్గర ఉంటుందన్నది కూడా అడగాలి. “సెటప్ మేమే చేస్తాం” అని అమ్మినవాడు తన ఖాతాతో యాక్టివేట్ చేస్తే డ్రోన్ అతని పేరుమీదే ఉంటుంది, అతని ఫోన్‌తో ఎగరేస్తే మీ ఇంటి దృశ్యాలూ అతని దగ్గరే ఉండిపోవచ్చు. పెట్టె సీలు మీరే విప్పి, మీ ఈమెయిల్‌తోనే యాక్టివేట్ చేయించండి. ఇండియా వారంటీ కార్డు, జీఎస్టీ బిల్లు లేకపోతే వెనక్కి పంపేయండి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది, బిల్లు లేని కొత్త పెట్టె ఎలా వచ్చిందో ఊహించుకోవచ్చు.

డ్రోన్‌కు బదులు ప్లాటుకు హద్దురాళ్లు, ప్రీకాస్ట్ ప్రహరీ పెట్టించి, సోలార్‌తో నడిచే 4జీ కెమెరా ఒకటి గేటు వైపు తిప్పి పెట్టండి. మూడు నెలలకోసారి ఈసీ (ప్లాటు మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్) తీసి చూసుకోండి.