వడపళనిలో మ్యాచ్‌మూవ్ తరగతి: పాఠం మంచిది, అచ్చు కాగితం నమ్మదగింది కాదు

ఫోనుతోనో, ఇంట్లో మూలన పడి ఉన్న పాత హ్యాండీక్యామ్‌తోనో తీసిన షాట్‌లో కంప్యూటర్ బొమ్మను నేల మీద జారకుండా నిలబెట్టే మ్యాచ్‌మూవ్ పని నేర్చుకోవాలనుకునేవారికి చెన్నై వడపళనిలోని ఈ వారాంతపు తరగతిని నేను సంకోచం లేకుండా సిఫార్సు చేస్తాను. అయితే చేరగానే చేతిలో పెట్టే కెమెరా అంకెల కాగితాన్ని మాత్రం మడిచి సంచీలో వేసుకోండి.

తెలుగు బ్యాచ్‌లో ఎక్కువమంది నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి స్టూడియోల్లో రోటో పని (షాట్‌లోని మనుషుల, వస్తువుల అంచులను ఫ్రేము ఫ్రేముకూ గీసి వేరుచేయడం) చేస్తున్నవారు. వారికి షాట్‌లోని బిందువులను వెంబడించే ట్రాకర్‌ను ఎక్కడ నొక్కాలో తెలుసు గానీ, షాట్ తీసిన కెమెరా గురించి ఏ అంకె ఇవ్వాలో తెలియదు. మొదటి పూట కంప్యూటర్ ముట్టుకోనివ్వకపోవడం కొందరికి చిరాకు కలిగించినా, ఈ తరగతిలో అసలు విలువ ఆ పూటలోనే ఉంది.

గోడకు అడ్డంగా స్టీల్ టేపు అంటించి, స్టాండుకు బిగించిన ఫోనును గోడకు తిన్నగా ఎదురుగా, సరిగ్గా రెండు మీటర్ల దూరంలో నిలబెట్టించారు. ఫోటో మోడులో కాకుండా, షూటింగ్‌కు వాడబోయే రిజల్యూషన్‌లోనే వీడియో తీయించి, ఫ్రేము ఎడమ అంచు నుంచి కుడి అంచు వరకు టేపు ఎంత కనబడుతోందో చదవమన్నారు. నా ఫోనులో 240 సెంటీమీటర్లు కనబడింది. సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) వెడల్పు 36 మిల్లీమీటర్లు అనుకుంటే, దాన్ని 200తో గుణించి 240తో భాగించగా ఫోకల్ లెంగ్త్ 30 మిల్లీమీటర్లు అవుతుంది. ఆ లెన్సు అసలు ఫోకల్ లెంగ్త్ కొద్ది మిల్లీమీటర్లే కావచ్చు, అయినా నష్టం లేదు. కెమెరా కదలికను లెక్కగట్టే ప్రోగ్రాముకు కావలసింది చూపు కోణం, అది ఈ రెండు అంకెల నిష్పత్తి మీదనే ఆధారపడుతుంది.

అదే ఫోనుకు అచ్చు కాగితంలో 26 అని ఉంది. అది తయారీదారులు స్టిల్ ఫోటోల కోసం చెప్పే 35 ఎంఎం సమాన విలువ, అంటే 36 మిల్లీమీటర్ల వెడల్పు ఫిల్ము ఫ్రేముతో పోల్చి చెప్పే ఫోకల్ లెంగ్త్. వీడియోలో ఫ్రేము ఆకారం మారుతుంది, స్టెబిలైజేషన్ (చేతి కుదుపును సరిచేయడం) కోసం అంచులు కొంత కత్తిరించబడతాయి. 26కు సుమారు 69 డిగ్రీల కోణం వస్తే, 30కి 62 డిగ్రీలే వస్తుంది. ఉదయం టేపుతో కొలిపించిన సంస్థే మధ్యాహ్నం ఆ పట్టిక చూసి అంకెలు నింపమనడం నాకు మింగుడు పడలేదు.

చిన్న సెన్సర్ ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్ రకం కెమెరా తెచ్చిన ఒక కుర్రవాడు లెన్సు మీదున్న 14ను చూసి, సెన్సర్ వెడల్పు గడిలో 36 రాశాడు. "పద్నాలుగు అంటే ఏ సెన్సర్ మీద నాయనా?" అని పాఠం చెప్పే సారు అడిగేదాకా అతనికి అనుమానమే రాలేదు. ఆ సెన్సర్ వెడల్పు 17.3 మిల్లీమీటర్లు, కనుక అసలు కోణం సుమారు 63 డిగ్రీలు. అతను ఇచ్చిన లెక్క ప్రకారం 104. దానితో సాల్వ్ చేసి (కెమెరా కదలికను లెక్కగట్టించి) చూపించినప్పుడు నేల మీద పెట్టిన పెట్టె, కెమెరా పక్కకు జరిగినకొద్దీ తానూ జారుకుంటూ పోయింది.

రెండో పూట షూటింగ్‌కు బెసెంట్ నగర్‌లోని ఇలియట్స్ బీచ్‌కు, కార్ల్ ష్మిట్ స్మారకం దగ్గరకు తీసుకువెళ్లారు. మునిగిపోతున్నవారిని కాపాడబోయి 1930లో చనిపోయిన డేనిష్ నావికుడి జ్ఞాపకార్థం కట్టిన ఆ తెల్లటి కట్టడం ఈ పాఠానికి బాగా కుదిరింది. సముద్రం మీది నుంచి తెల్లగోడ మీదికి కెమెరా తిరిగేసరికి ఆటో ఎక్స్‌పోజర్ వెలుతురు తగ్గించేస్తుంది, మార్కరు (ట్రాకర్ వెంబడించే గుర్తు) పట్టుకున్న గోడ మూల రూపు మారిపోతుంది. అందుకని ఫోకస్‌నూ, ఎక్స్‌పోజర్‌నూ ముందే లాక్ చేయించారు. ఒకేచోట నిలబడి తిప్పిన షాట్‌లో లోతు దొరకదని, నాలుగడుగులు పక్కకు నడిస్తేనే దగ్గరివీ దూరానివీ వేర్వేరుగా కదులుతాయని రెండు షాట్లనూ పక్కపక్కన పెట్టి చూపించారు. అలల మీద పెట్టిన మార్కర్లను తీసేయించడం కూడా అక్కడే నేర్పారు. అవి కొన్ని ఫ్రేములు చక్కగా అతుక్కుని, మొత్తం లెక్కను నీటితోపాటు లాక్కుపోతాయి.

స్టెబిలైజేషన్‌ను పూర్తిగా ఆపమనడంలో సారు రాజీపడలేదు, అది సరైనదే. ఎలక్ట్రానిక్ పద్ధతి ప్రతి ఫ్రేములోనూ కత్తిరింపును జరుపుతుంది కాబట్టి ఆ ఫుటేజ్ మొత్తానికీ ఒకే కెమెరా లెక్క కుదరదు. ఆపిన తర్వాత టేపు కొలత మళ్లీ తీసుకోవాలన్న మాటను మాత్రం ఎవరూ గుర్తుచేయలేదు. తీసి చూస్తే నా 30 కాస్తా 27 అయింది.

రోలింగ్ షట్టర్‌ను (సెన్సర్ ఫ్రేమును ఒకేసారి కాక వరుస తర్వాత వరుసగా చదవడం) పైపైన తేల్చేయడం ఈ తరగతికి పెద్ద లోటు. షట్టర్ వేగం పెంచితే దానివల్ల నిలువు గీతలకు వచ్చే ఒరుగు పోతుందన్న అభిప్రాయంతో సగం మంది ఇంటికి వెళ్లారు. వేగం పెంచితే తగ్గేది మసక మాత్రమే. సెన్సర్ పై వరుస నుంచి కింది వరుస దాకా చదివే సమయం మారదు, కనుక గబుక్కున తిప్పితే స్తంభం ఒరిగే ఉంటుంది. దానికి మందు నెమ్మదిగా కదలడమే. ట్యూబ్‌లైట్ల కింద మినుకు రాకుండా మన 50 హెర్ట్జ్ కరెంటుకు 1/100 షట్టర్ పెట్టమన్న సూచన ఒక్కటి పనికొచ్చింది. ఒక్కో ఫ్రేమును సరి, బేసి వరుసల రెండు ఫీల్డులుగా దాచే ఇంటర్‌లేస్డ్ హ్యాండీక్యామ్ ఫుటేజ్ గురించి, ఫోన్ల అస్థిర ఫ్రేమ్ రేటు గురించి చెప్పింది క్లుప్తమే అయినా చాలు: ఫీల్డులు విడదీసి, స్థిరమైన రేటుకు మార్చి, బొమ్మల వరుసగా చేసుకున్నాకే ట్రాక్ మొదలుపెట్టాలి.

అన్నీ ఉచితంగా దొరికే బ్లెండర్ అనే 3డీ ప్రోగ్రాములోనే చేయించారు. సాల్వ్ ఎర్రర్ (లెక్కలో వచ్చిన బిందువులకూ షాట్‌లో కనబడేవాటికీ సగటు తేడా) ఒక పిక్సెల్ కంటే తగ్గితే పని అయిపోయినట్టేనని సహాయకులు చెబుతుంటారు. అంకె తగ్గినా కోణం తప్పయి ఉండవచ్చు. నేల మీద ఒక పెట్టె నిలబెట్టి చూడకుండా వారి మాట నమ్మి లేచిపోకండి. తరగతిలోని కంప్యూటర్లు బాగా నెమ్మది, సొంత ల్యాప్‌టాప్ ఉంటే తెచ్చుకోవడం మేలు. టేపు కూడా ఒక్కటే ఉంది, దాని కోసం వరుసలో నిలబడాల్సి వస్తుంది, అదీ ఇంటి నుంచి తెచ్చుకోండి.