ప్రత్యేక పీరియడా, పాఠంలోనే ప్రశ్నా: ఏది మేలు?

‘ఇది మనకెలా తెలుసు?’ అని అడగడం పిల్లలకు నేర్పాలంటే వారానికో పీరియడ్ కేటాయించాలా, ఉన్న పాఠాల్లోనే కలిపి చెప్పాలా? విశాఖలో తోటి టీచర్లు ఈమధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఇదే. నేను రెండూ చేసి చూశాను.

ప్రత్యేక పీరియడ్‌తో లాభం లేకపోలేదు. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ప్రకారం దేన్నైనా తెలుసుకోవడానికి ఉన్న నాలుగు మార్గాలు, అంటే ప్రమాణాలు, పదో తరగతికి చెప్పాను: ప్రత్యక్షం (స్వయంగా చూసి తెలుసుకోవడం), అనుమానం, ఉపమానం (పోలికను బట్టి తెలుసుకోవడం), శబ్దం. కొండ మీద పొగ చూసి నిప్పుందని గ్రహించడం అనుమానం. నమ్మదగినవాళ్లు చెప్పగా తెలుసుకోవడం శబ్దం. తమకు తెలిసినదాంట్లో ఎంత భాగం ఒకరు చెప్పగా విన్నదేనో లెక్కేసుకుని పిల్లలు ఆశ్చర్యపోయారు. అయినా ఏం లాభం? ఆ వారమే వాళ్ల ఓమ్ నియమం ప్రయోగం రికార్డులు దిద్దాను. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే అందరికీ, ప్రతి వరసలోనూ, ఒకటే అంకె. మా ల్యాబ్ మీటర్లతో అది జరగని పని. మీటర్ చూపించింది కాదు, రావాల్సింది రాశారు.

అందుకే నేను చూసేది ఒక్కటే: తాను పొరబడ్డానని పిల్లవాడు తనంతట తాను కనుక్కునే వీలుందా? ఆ వీలు పాఠంలోనే దొరుకుతుంది.

భూమి గుండ్రంగా ఉందని ఎలా తెలుసని తొమ్మిదో తరగతిని అడిగితే ‘పుస్తకంలో ఉంది’ అన్నారు. సముద్రంలో చేపల వేటకెళ్లే కుటుంబం అబ్బాయి మాత్రం, తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు కన్నా ముందు కొండ కనిపిస్తుందని వాళ్ల నాన్న చెప్పాడన్నాడు. బైనాక్యులర్స్ పట్టుకుని ఆర్కే బీచ్‌కి వెళ్లాం. దూరంగా ఓడ పైభాగం కనిపిస్తోంది, అడుగు లేదు. ‘దూరమై చిన్నగా ఉంది కదా సార్, అందుకే కనపడట్లేదు’ అన్నాడొకడు. బైనాక్యులర్స్‌లో చూస్తే పైభాగం పెద్దదైంది, అడుగు మాత్రం రాలేదు. ‘అలలు అడ్డొస్తున్నాయేమో సార్’ అంది ఒకమ్మాయి. నాకు వెంటనే జవాబు తోచలేదు, అదే చెప్పాను. మర్నాడు ఆ అమ్మాయే బొమ్మ గీసుకొచ్చింది. సముద్రం బల్లపరుపుగా ఉంటే, మన కంటికన్నా తక్కువ ఎత్తున్న అల తనకన్నా ఎత్తైనదాన్ని దాచలేదు. గుండ్రంగా ఉంటే, నీటి అంచున నిలబడ్డవాళ్లకు 12 కిలోమీటర్ల దూరంలో ఓడ అడుగుభాగంలో మూడు మీటర్ల కన్నా ఎక్కువే కనపడదు. తన మాటను తానే కొట్టేసుకుంది. ఏ పీరియడ్‌లోనూ నేను నేర్పలేకపోయింది అదే.

సోషల్‌కి విశాఖ దగ్గరున్న ప్రాచీన బౌద్ధ క్షేత్రం తొట్లకొండ చాలు. అక్కడి తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అంటే రోమన్లు వచ్చారా, నాణేలే వచ్చాయా? ఇంకేం దొరికితే తేలుతుంది? గంటసేపు వాదించుకోవచ్చు.

డిబేట్ పోటీలు మాట్లాడే ధైర్యమిస్తాయి, అంతవరకే. వాట్సాప్ పుకార్లు తేల్చే క్లాసు ఏడాదికొకటి పెట్టుకుంటే సరిపోతుంది.

సిలబస్ పూర్తవుతుందా అన్న భయం నిజమే. అందుకని ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో నెలకొక్క పాఠాన్నే ఇలా చెబుతున్నాను. పదిలో పబ్లిక్ పరీక్షల టెన్షన్ ఉంటుంది కాబట్టి అక్కడ మార్చింది రికార్డు ఒక్కటే: మీటర్ చూపించిన అంకె రాసినవాళ్లకే మార్కులు, లెక్క కుదరకపోయినా సరే.