కోరింగ మడ అడవులా, నేలపట్టు గూడబాతులా?

హైదరాబాద్ వాళ్లకు సముద్రమంటే ఒక రాత్రి రైలు ప్రయాణం. తమాషా ఏమిటంటే, చేపలు ఎక్కడ దొరుకుతాయో, సునామీ వస్తుందో రాదో తీరానికంతటికీ చెప్పే ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉన్నది మాత్రం మన ప్రగతినగర్‌లో! తీరంలో ఉప్పునీటి బురదలో పెరిగే కోరింగ మడ అడవులు చూడాలంటే మాత్రం కాకినాడ వెళ్లే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాల్సిందే. గూడబాతులు (పెలికాన్లు) కావాలంటే నేలపట్టు వెళ్లాలి. ఏది ఎవరికి నప్పుతుందో చూద్దాం.

బస కాకినాడలోనే పెట్టుకోండి. హోటళ్లకు కొదవ లేదు, కోరింగ అక్కడికి దగ్గరే, యానాం రోడ్డులో. సుబ్బయ్య గారి బుట్ట భోజనం ఇప్పుడు హైదరాబాద్‌లోనూ దొరుకుతోంది కాబట్టి దాని గురించి చెప్పను. ఆదివారం మాత్రం వెళ్లకండి. అడవిలో వేసిన చెక్క వంతెన మీద సెల్ఫీల జాతర, బ్లూటూత్ స్పీకర్ల మోత. అదే వంతెన మీద మామూలు రోజు పొద్దున్నే నడిస్తే, బురదలో ఒంటి డెక్క ఎత్తి ఊపే చిన్న పీతలు, పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన మడచెట్ల ఊపిరి వేళ్లు కనిపిస్తాయి. మా వెంట వచ్చిన కుర్రాడు ఒక మడ ఆకు తుంచి, "నాలిక్కి తగిలించి చూడండి" అన్నాడు. ఉప్పు! వేళ్లు పీల్చిన ఉప్పును ఆ చెట్టు ఆకుల మీదకు నెట్టేస్తుందట. చేపలు పట్టే అడవిపిల్లి, బావురుపిల్లి కనపడుతుందని ఆశపడకండి, అది రాత్రి తిరిగే జీవి. బురదలో దాని అడుగులు కనిపించినా అదృష్టమే.

పడవ షికారు బాగుంది కానీ ఆటుపోట్లను బట్టి నడుస్తుంది, ముందే కనుక్కుని వెళ్లండి. కాకినాడకు తుపాను అలల నుంచి అడ్డుగోడలా నిలిచిన హోప్ ఐలాండ్ ఇసుకలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. "రాత్రి తాబేలు గ్యారంటీ" అంటూ నగరంలో ఒక ట్రావెల్స్ వాళ్లు మాకు ప్యాకేజీ అంటగట్టబోయారు. ఇలాంటివి కొనకండి. వెలుతురు చూస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనుదిరగొచ్చు, పిల్లలేమో సముద్రం వదిలేసి లైటు వైపు పాకుతాయి.

రేవులో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ను తాబేళ్ల సంగతి అడిగాను. "దేవుడండి అది, చంపం. కానీ వల్లో పడితే వల కొయ్యాలి కదండీ, ఆ వల ఎవరిస్తారు?" అన్నాడు. తాబేలు గాలి కోసం పైకి రావాలి. బోటు వెనక లాగే ట్రాల్ వలలో ఎక్కువసేపు ఇరుక్కుంటే ఊపిరాడక చస్తుంది. తాబేలు తప్పుకుపోయేలా వలలో బిగించే చట్రాన్ని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఎప్పుడో తయారుచేసింది. దాంతోపాటు కొన్ని చేపలూ జారిపోతాయని బోట్ల వాళ్లకు ఇష్టం ఉండదు. మహారాష్ట్రలో వల కోసి తాబేలును వదిలితే 25 వేల రూపాయల దాకా పరిహారం ఇస్తున్నారు, 2018 నుంచీ. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి రెండు నెలలు వేట నిషేధం ఉంది కానీ, గుడ్లు పెట్టే కాలం అప్పటికి చాలావరకు గడిచిపోతుంది. నన్నడిగితే అడవి ఎంట్రీ టికెట్‌లో కొంత అలా కోసిన వలల పరిహారానికే పోవాలి.

నేలపట్టు పక్షుల చెరువు లెక్క వేరు. చెన్నై రైల్లో గూడూరులో దిగి కారు మాట్లాడుకోవాలి. బసకు నాయుడుపేట, సూళ్లూరుపేటల్లో మామూలు లాడ్జీలే, ఏసీ పనిచేస్తే సంతోషించండి. చెరువులోని చెట్ల నిండా గూడబాతుల గూళ్లు, కిందంతా రెట్ట, ఘాటైన వాసన. ఆ రెట్ట కలిసిన నీళ్లే పొలాలకు ఎరువు, అందుకే ఊరివాళ్లకు పక్షులు రావడమంటే పండగ. ఇక్కడ రక్షణకు ఎవరికీ ఉపన్యాసం ఇవ్వాల్సిన పని పడలేదు.

చిన్నపిల్లలు, ముసలివాళ్లు వెంట ఉంటే నేలపట్టే సుఖం: ఎక్కువ నడక ఉండదు, పడవ గొడవా లేదు. అక్టోబరు నుంచి మార్చి మధ్య వెళ్లండి. దగ్గర్లోనే పులికాట్ సరస్సు, శ్రీహరికోట రోడ్డు మీద నుంచే రాజహంసలు కనిపిస్తాయి. దూరంగా గులాబీ చుక్కల్లా ఉంటాయి కాబట్టి బైనాక్యులర్స్ లేకుండా మాత్రం బయల్దేరకండి.