పాత ల్యాప్‌టాప్, 27 అంగుళాల మానిటర్, మధ్యలో రిజల్యూషన్ గొడవ

అమలాపురంలో మాది డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, రొయ్యల మేత డీలర్ల బిల్లు పుస్తకాలు, సంక్రాంతికి ప్రభల తీర్థం పోస్టర్లు, మాఘమాసంలో అంతర్వేది కల్యాణం బ్యానర్లు. పనంతా తెలుగు అక్షరాలతోనే. 2560×1440 రిజల్యూషన్ ఉన్న 27 అంగుళాల మానిటర్‌ని, ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌కి తగిలించి వాడుతున్నాను. మూడేళ్లు దాటింది. ప్యానెల్ మీద, అంటే మానిటర్ తెర మీద, నాకు ఫిర్యాదు లేదు. పడ్డ తలనొప్పి అంతా మానిటర్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్యనున్న ఆ కాస్త కేబుల్ దారిలోనే. అందుకే ఇందులో ప్యానెల్ గురించి తక్కువ, ఆ దారి గురించి ఎక్కువ ఉంటుంది.

తగిలించిన రోజే బొమ్మ మసకగా వచ్చింది. సెట్టింగుల్లో చూస్తే 1920×1080 దగ్గర ఆగిపోయి ఉంది, అంతకు మించి ఎంచుకునే వీల్లేదు. ఇంగ్లిషు టైపు చేసుకునేవాళ్లు ఇలాగే సర్దుకుపోగలరేమో గానీ తెలుగుకి కుదరదు. 1440 ప్యానెల్ మీద 1080 బొమ్మ వేస్తే అడ్డంగానూ నిలువుగానూ ఒక్కో పిక్సెల్ ఒకటీ మూడోవంతు పిక్సెల్ మీద పరుచుకోవాలి. పిక్సెల్‌ని ముక్కలు చెయ్యడం కుదరదు కాబట్టి పక్కదానికి కాస్త రంగు అంటుతుంది, అక్షరం అలుక్కుపోయినట్టు అవుతుంది. థ లో చుక్క మాయమై ధ అయిపోతుంది. ప, ఫ తేడా కళ్లు చికిలించుకుంటే గానీ తెలీదు. రథోత్సవం పోస్టరు చూడడానికి వచ్చిన కమిటీ పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, "ఏవండీ, ఇది రథమా, రధమా?" అని అడిగారు. ఫైల్లో శుభ్రంగా థ యే ఉంది. ప్రింటు తీసి చూపిస్తే గానీ ఆయన నమ్మలేదు.

దానికి పైసా ఖర్చు లేకుండానే మందు దొరికింది. విండోస్ కీ, పి కలిపి నొక్కితే పక్కన ఒక పట్టీ వస్తుంది. అందులో డూప్లికేట్ ఎంచుకుని ఉంది. రెండు తెరల మీదా ఒకే బొమ్మ రావాలంటే రెండూ ఒప్పుకునే రిజల్యూషన్ కావాలి కదా. ల్యాప్‌టాప్ తెర 1080 అయితే పెద్ద మానిటర్ కూడా అక్కడే ఆగాలి. రెండు తెరలూ వేటికవి పనిచేసే ఎక్స్‌టెండ్‌కి మార్చగానే జాబితాలో 2560×1440 ప్రత్యక్షమైంది. ఇదే గొడవతో ఫోన్ చేసిన తోటి డీటీపీ వాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే.

ఇంకో సంగతి. డిస్‌ప్లే సెట్టింగుల్లో కిందికి వెళ్తే అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే అని ఉంటుంది. అక్కడ డెస్క్‌టాప్ మోడ్ ఎంత, యాక్టివ్ సిగ్నల్ మోడ్ ఎంత అని విడివిడిగా చూపిస్తుంది. రెండు అంకెలూ ఒకటే అయితే ల్యాప్‌టాప్ ఉన్నదున్నట్టు పంపుతోందని అర్థం. తేడా ఉంటే మధ్యలో గ్రాఫిక్స్ బొమ్మని సాగదీస్తోందన్నమాట. విండోస్ కొత్తగా ఎక్కించాక అదే పేజీలో గ్రాఫిక్స్ కార్డు పేరుకి బదులు మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనిపిస్తే, మీ ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి అసలు డ్రైవర్ దించుకునేదాకా ఇంకేమీ ముట్టుకోకండి.

"మీ ల్యాప్‌టాప్ పాతదండీ, దానికి ఇంత మానిటర్ లాగదు" అని ఒక షాపులో చెప్పారు. అది నిజం కాదు. ఎనిమిదో తరం ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మానిటర్ తగిలించడానికి ఉండేది హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు. బొమ్మని పంపే వేగంలో దాని గరిష్ఠ పరిమితి 340 మెగాహెర్ట్జ్. 2560×1440 బొమ్మని సెకనుకు 60 సార్లు పంపడానికి 241.5 మెగాహెర్ట్జ్ చాలు. హాయిగా సరిపోతుంది. ఇబ్బంది వచ్చేది 4కే (3840×2160) మానిటర్ కొన్నవాళ్లకి. అదే పోర్టు 4కే ని సెకనుకు 30 సార్లే ఇస్తుంది, దాంతో మౌస్ ఈడ్చుకుంటూ వెళ్తున్నట్టు ఉంటుంది. 4కే 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ గానీ వీడియో ఇచ్చే టైప్-సి గానీ ఉండాలి. టైప్-సి రంధ్రం కనిపించిందని సంబరపడిపోకండి. కొన్ని ఛార్జింగుకీ డేటాకీ మాత్రమే. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ థండర్‌బోల్ట్ మెరుపు గుర్తు గానీ ఉందేమో చూడండి, లేకపోతే మాన్యువల్ తిరగెయ్యండి. టైప్-సి హబ్ కొంటే డబ్బా మీద 4కే అని రాసి ఉన్నా సరే, పక్కనే ఎన్ని హెర్ట్జ్ (సెకనుకు ఎన్నిసార్లు) అని రాశారో చదివాకే డబ్బులియ్యండి.

ఇక మా ఊళ్లో అసలు శత్రువు కరెంటు. ఎండాకాలంలోనూ గాలివాన రోజుల్లోనూ కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి దానికేమీ పట్టదు. మానిటర్ మాత్రం ఆరిపోయి వెలుగుతుంది. ఆ వెలిగిన క్షణంలోనే గొడవ మొదలవుతుంది. ప్రతి మానిటర్‌లోనూ ఒక చిన్న చిప్ ఉంటుంది. తన పేరు, తనకి చేతనైన రిజల్యూషన్లు అందులో రాసుకుని ఉంటుంది. దాన్ని ఈడీఐడీ అంటారు, కనీసం 128 బైట్లు. పెళ్లిచూపుల్లో ఇచ్చే బయోడేటా లాంటిదనుకోండి. ల్యాప్‌టాప్ దాన్ని కేబుల్ ద్వారా చదివి జాబితా తయారు చేసుకుంటుంది. కరెంటు తడబడుతున్నప్పుడు అది సగంలో ఆగిపోతే, ల్యాప్‌టాప్ ఎందుకొచ్చిన గొడవ అనుకుని 1024×768 ఇచ్చి ఊరుకుంటుంది. శుభలేఖ మధ్యలో ఉండగా తెర అంతా ఒక్కసారి ఉబ్బిపోతుంది, పక్కన కస్టమర్ కూర్చుని ఉంటారు, మనకి టెన్షన్.

ఇలా అయినప్పుడు ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కుతాను. తెర ఒకసారి నల్లబడి గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, తెరిచిన ఫైళ్లకి ఏమీ కాదు. దానికీ లొంగకపోతే మానిటర్ స్విచ్ గోడ దగ్గరే ఆపి, రెండు కేబుళ్లూ పీకి, ఓ టీ తాగి వచ్చి మళ్లీ పెడతాను. మానిటర్ మీదున్న బటన్ నొక్కి ఆపితే లాభం లేదు, లోపల కరెంటు ఉంటూనే ఉంటుంది. శాశ్వతంగా బాగుపడింది మాత్రం మానిటర్‌ని ఇన్వర్టర్ లైన్లోకి మార్చాకే. అది కూడా ఇన్వర్టర్ వెనకాల స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌లో పెట్టాక. మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే ఆ రెప్పపాటు ఫ్యానుకి తెలీదు గానీ మానిటర్‌కి తెలుస్తుంది. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ముందు ఆ స్విచ్ చూసుకోండి.

ఎర్తింగ్ కూడా. మా పాత షాపులో మూడో పిన్నుకి ఎర్త్ ఉండేది కాదు. కేబుల్ చివరనున్న లోహం ముట్టుకుంటే వేళ్లు జిల్లుమనేవి. అలాంటి చోట అన్నీ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ పీకి పెట్టడం పోర్టుకి మంచిది కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ వేయించాల్సిందే.

కౌంటర్ దగ్గర బిల్లింగుకి ఒక పాత వీజీఏ (హెచ్‌డీఎంఐకి ముందు నాటి పదిహేను పిన్నుల కేబుల్) మానిటర్ ఉంది. దానికి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ పెట్టాం. అది కూడా 1024×768 దాటేది కాదు, పైగా మానిటర్ పేరు రావాల్సిన చోట జెనరిక్ అని వచ్చేది. కేబుల్ విప్పి టార్చి వేసి చూస్తే పదిహేను పిన్నుల్లో కింద వరసలో ఒకటి వంగి పక్కకి పడుకుని ఉంది. వీజీఏలో మానిటర్ వివరాలు నడిచేది 12, 15 పిన్నుల మీద. రంగులు వేరే పిన్నుల్లో వస్తాయి కాబట్టి బొమ్మ బాగానే ఉంటుంది, వివరాలు మాత్రం అందవు. పట్టకారుతో నిమ్మళంగా లేపితే సరిపోయింది. కొన్ని కేబుళ్లలో మధ్య వరసలో 9వ పిన్ను అసలు ఉండదు. అది విరిగింది కాదు, తయారీలోనే పెట్టరు, దాని కోసం కంగారుపడి కేబుల్ పారెయ్యకండి.

రిజల్యూషన్ కుదిరాక ఇంకో చిక్కు, పేజ్‌మేకర్ 7. పేజీలు కూర్చే ఆ సాఫ్ట్‌వేర్ 2001 నాటి సరుకు. మా లైన్లో 'అను' అనే తెలుగు ఫాంట్లతో దాన్ని ఇంకా వదల్లేదు, వదలం కూడా. విండోస్‌లో స్కేలింగ్ (తెర మీద అక్షరాల సైజు పెంచేది) 125 శాతం పెడితే మిగతావన్నీ చక్కగా ఉంటాయి, పేజ్‌మేకర్ మాత్రం మసకబారుతుంది. ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, హై డీపీఐ సెట్టింగుల్లోకి వెళ్లి ఓవర్‌రైడ్ అన్నచోట సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ ఎంచుకుంటే చాలావరకు తేరుకుంటుంది. నేను మాత్రం చివరికి 100 శాతంలోనే స్థిరపడ్డాను. 27 అంగుళాల మీద 1440 అంటే అంగుళానికి సుమారు 109 పిక్సెళ్లు, నా కళ్లకి అక్షరం సరిపోతోంది. అదే 27 లో 1080 తీసుకుంటే 82 పడతాయి. మన ఒత్తులకీ గుణింతాలకీ అది చాలదు. బడ్జెట్ లేకపోతే 24 అంగుళాల 1080 కొనుక్కోండి, కనీసం 92 వస్తాయి.

మూడేళ్లలో మార్చాల్సి వచ్చింది హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కటే. కోనసీమ తేమకి దాని కొసన పచ్చటి చిలుము పట్టి, బొమ్మ మినుకుమినుకుమనేది. ఇప్పుడు వర్షాకాలం ముందు ఒకసారి అన్నీ తీసి పొడిగుడ్డతో తుడుస్తున్నాను. వాడని పోర్టుల్లో చీమలు దూరకుండా రబ్బరు మూతలు పెట్టాను. మానిటర్‌తో నాకున్న ఒకే ఒక్క చిరాకు బటన్లు వెనకాల ఉండడం. ఇన్‌పుట్ మార్చాలంటే తడుముకోవాలి, తడుముకుంటే ఎప్పుడూ పవర్ బటనే చేతికి తగులుతుంది.