పాలిటెక్నిక్ లెక్చరర్‌కి కెనడా పీఆర్: ఇక్కడి నుంచా, అక్కడికెళ్లాకా?

కెనడా లెక్కలో పాలిటెక్నిక్ లెక్చరర్‌ది ఎన్‌ఓసీ (ఉద్యోగాల వర్గీకరణ కోడ్) 41210. పాయింట్ల స్కోరు చూసి పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి ఎటునుంచైనా వేయొచ్చు. ఐఈఎల్‌టీఎస్ లాంటి భాషా పరీక్ష ఎటూ తప్పదు.

ఖర్చు: ఇక్కడి నుంచైతే ఈసీఏ (మన డిగ్రీ అక్కడి దేనికి సమానమో చెప్పే రిపోర్టు), పైగా ఖాతాలో సెటిల్‌మెంట్ ఫండ్స్ (అక్కడ స్థిరపడే ఖర్చుకు చూపాల్సిన డబ్బు). అక్కడ చదివి, పనిచేసి వేస్తే ఫండ్స్ అడగరు. కానీ అక్కడి కాలేజీ ఫీజులే నడ్డి విరుస్తాయి.

శ్రమ: ఇక్కడ తలనొప్పంతా ఎక్స్‌పీరియన్స్ లెటర్‌తోనే. "లెక్చరర్‌గా పనిచేశారు" అన్న ఒక్క లైను చాలదు. డ్యూటీలు, వారానికి గంటలు, జీతం రాయించుకోవాలి. ప్రిన్సిపాల్ సంతకానికి ఎన్నిసార్లు తిరగాలో మీకు తెలిసిందే. అక్కడికెళ్లి వేస్తే ఉద్యోగంలో 1,560 గంటల పని నిండాలి. ఫుల్‌టైమ్ చదువుతూ చేసిన పని లెక్కలోకి రాదు.

రిస్క్: ఇక్కడి నుంచి వేస్తే, పాయింట్ల స్కోరు చాలకపోయినా మీ ఉద్యోగం ఉంటుంది. జాబ్ ఆఫర్ పాయింట్లు 2025 మార్చిలో తీసేశారు, వాటి పేరు చెప్పే కన్సల్టెంట్లకు డబ్బు పోయకండి.

ముప్పైలోపు వయసు, మంచి ఇంగ్లిష్ స్కోరు ఉంటే ఇక్కడి నుంచే. పాయింట్లు తక్కువై, అప్పు లేకుండా ఫీజు కట్టగలిగితేనే అక్కడికెళ్లి చదివే దారి.