మత్సుమోతో: నల్లకోట ఊరికి ఒక రాత్రి ఇవ్వండి

టోక్యోలో పొద్దున రైలెక్కడం, కోట ముందు ఫొటో దిగడం, సాయంత్రానికి వెనక్కి వెళ్లిపోవడం. మత్సుమోతోకి వచ్చేవాళ్లలో చాలామంది చేసేది ఇదే. టోక్యోలోని షింజుకు స్టేషన్లో అజుసా ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే రెండున్నర, మూడు గంటల్లోపు దిగిపోతాం కాబట్టి ఒక్కరోజులో అయిపోతుందనిపిస్తుంది. కానీ అలా వచ్చినవాళ్లు కోట గుమ్మం చేరేసరికి పది దాటుతుంది, అప్పటికి లోపల మెట్ల దగ్గర వరుస మొదలై ఉంటుంది. ముందురోజు సాయంత్రం వచ్చి, రాత్రి ఊళ్లోనే పడుకుని, 8:30కి తలుపులు తీసే వేళకు కోట దగ్గరుంటే దొరికే అనుభవమే వేరు.

అజుసాలో సీట్లన్నీ రిజర్వేషన్‌వే. సీటు నంబరు లేని టికెట్ కూడా అమ్ముతారు. అది ఉన్నవాళ్లు నెత్తిమీద దీపం చూసుకోవాలి. ఎర్రదీపం ఉన్న సీటు ఖాళీ, కూర్చోవచ్చు. పసుపు వెలిగితే కాసేపట్లో ఆ సీటు మనిషి ఎక్కుతాడు, పచ్చదీపం ఉంటే అమ్ముడైపోయినట్టు. మన సిగ్నళ్ల అలవాటుతో పచ్చదీపం చూసి కూర్చుంటే లేవాల్సి వస్తుంది. వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ తీసుకోండి. ఆకాశం తేటగా ఉంటే కోఫు దాటాక ఫూజీ శిఖరం కనిపిస్తుంది. నగోయా నుంచైతే షినానో ఎక్స్‌ప్రెస్, సుమారు రెండు గంటలు.

స్టేషన్లో 'ఒషిరోగుచి', అంటే కోటవైపు ద్వారం గుండా బయటికి రావాలి. పెద్ద పెట్టెలు స్టేషన్ లాకర్లోనో హోటల్లోనో పెట్టేయండి. కోట లోపలి మెట్లమీద అవి మోయడం కుదరదు. అక్కణ్నుంచి కోటకు నడిచి పావుగంట, ఇరవై నిమిషాలు. దారి నేరుగా ఉండదు, మధ్యమధ్యలో ఉన్నట్టుండి మలుపు తిరుగుతుంది. శత్రువుకు కోట వరకు సూటిగా దారి దొరకకూడదని పాత రోజుల్లో వీధులను అలా విరిచి వేశారు.

ఊరు సముద్రమట్టానికి దాదాపు 590 మీటర్ల ఎత్తులో, పడమరన జపాన్ ఉత్తర ఆల్ప్స్ కొండలు అడ్డుగోడలా నిలిచిన మైదానంలో ఉంది. 1504లో ఇక్కడ కట్టిన చిన్న కోట పేరు ఫుకాషి. 1550లో దాన్ని తకేదా షింగెన్ అనే యుద్ధ ప్రభువు పట్టుకున్నాడు. 1582లో ఒగసవరా సదయోషి చేతికి వచ్చాక పేరు మత్సుమోతో అయింది. 1590లో జపాన్‌ను ఏకం చేసిన తొయొతోమి హిదెయోషి, మరో బలమైన ప్రభువు తొకుగావా ఇయెయాసును తూర్పున కాంతో ప్రాంతానికి పంపించి, అతని మీద ఓ కన్నేసి ఉంచేందుకు ఇషికావా కజుమాసను ఇక్కడ కూర్చోబెట్టాడు. కజుమాస అంతకుముందు ఇయెయాసు కొలువులోనే ఉండి, 1585లో హిదెయోషి వైపు మారినవాడు. ఇప్పుడు మనం చూసే పెద్ద బురుజును 1590ల్లో కజుమాస, అతని కొడుకు యసునాగ కట్టించారు. తుపాకులు వచ్చాక, వాటి యుద్ధం కోసమే కట్టిన కట్టడమిది.

ఆ సంగతి గోడ దగ్గరికెళ్లి చూస్తే తెలుస్తుంది. నిలువుగా పొడుగ్గా ఉన్న సందులు విల్లుకు, చదరంగా ఉన్నవి తుపాకీకి. విల్లు సందులు 60, తుపాకీవి 55, గోడ ఎక్కేవాళ్లమీద రాళ్లు జార్చే కంతలు 11. పైభాగం తెల్ల సున్నం, కింది భాగం నల్ల పలకలు. ఈ నలుపు రంగు డబ్బాలోది కాదు, ఉరుషి చెట్టు పాలతో చేసిన లక్క. ఎండకూ వానకూ వెలిసిపోతుంది కాబట్టి ఏటా శరదృతువులో మళ్లీ పూస్తారు. పొద్దుటి వెలుతురు పక్కనుంచి పడ్డప్పుడు ఆ పలకలు తడిసిన నాపరాయిలా మెరుస్తాయి.

బయటి నుంచి ఐదు అంతస్తులు, లోపల ఆరు. కనిపించనిది మూడోది. కప్పుల మధ్య ఇరుక్కున్న చీకటి గది, కిటికీల్లేవు. గుమ్మంలోనే చెప్పులు విప్పి, వాళ్లిచ్చిన సంచిలో వేసుకుని చేత్తో మోయాలి. అంటే ఎక్కేటప్పుడు కమ్మీ పట్టుకోవడానికి మిగిలేది ఒక్క చెయ్యే. నాలుగో అంతస్తు నుంచి ఐదోదానికి వెళ్లే మెట్లు 61 డిగ్రీల వాలు, ఒక్కో మెట్టు మూరెడు ఎత్తుకు కాస్తే తక్కువ. ఇది నిచ్చెన అనుకుని ఎక్కాలి, దిగేటప్పుడు మెట్లకేసి తిరిగి దిగాలి. చీర, పంచె, పొడుగు లంగా వద్దు. చెక్క నేల శతాబ్దాల అడుగులకు నున్నబడి ఉంది, నైలాన్ మేజోళ్లు జారతాయి. చలికాలంలో ఆ నేల మంచుముక్కే, రెండు జతల నూలు మేజోళ్లు తొడుక్కోండి. లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పైకి తీసుకెళ్లొద్దు. అగడ్త చుట్టూ ఉన్న పార్కుకు టికెట్ అక్కర్లేదు, అక్కడి బెంచీమీదే హాయిగా ఉంటారు. పడమరవైపు ఎర్ర వంతెన దగ్గర నిలబడితే కోట, నీళ్లలో దాని నీడ ఒకేసారి కనిపిస్తాయి.

దిగే దారిలో చివరగా వచ్చేది చంద్రుణ్ని చూసే బురుజు. దీన్ని మిగతా కోటతో పోల్చి చూడండి. తుపాకీ సందులు లేవు, తలుపులు తీసేస్తే మూడువైపులా గాలే, చుట్టూ సిందూరరంగు పిట్టగోడ. 1630ల్లో మత్సుదైరా నవొమాస దీన్ని అప్పటి సైనిక పాలకుడు, షోగున్ ఇయెమిత్సు రాక కోసం కట్టించాడు, షోగున్ మాత్రం రాలేదు.

2025 ఏప్రిల్ నుంచి పెద్దలకు ఈ-టికెట్ 1,200 యెన్లు, కౌంటర్లో కాగితం టికెట్ 1,300. ఈ-టికెట్‌లో వేళ ఎంచుకోవచ్చు, అదే మేలు. ఏప్రిల్ ఆఖరున మొదలయ్యే గోల్డెన్ వీక్ సెలవుల్లో లోపల గంటకు పైగా నిలబడాలి. చివరి ప్రవేశం 4:30కి. డిసెంబరు 29 నుంచి 31 వరకు మూత.

కోట నుంచి ఉత్తరంగా కొద్ది నిమిషాలు నడిస్తే కైచి పాఠశాల. చాలామంది దాటేసి వెళ్లిపోతారు, దాటొద్దు. 1872లో మత్సుమోతో కోట బురుజును వేలంలో అమ్మేశారు, కూల్చేవాళ్లే. ఇచికావా ర్యోజో అనే స్థానికుడు గడువు అడిగి, బురుజులోనే ప్రదర్శనలు పెట్టి, వచ్చిన డబ్బుతో తిరిగి కొన్నాడు. అలా కోటను కాపాడుకున్న ఊళ్లోనే 1876లో ఈ బడి లేచింది, ఖర్చులో సుమారు 70 శాతం ఊరివాళ్ల చందాలే. తతెయిషి సెయ్‌జు అనే వడ్రంగి పాశ్చాత్య భవనాలు చూసొచ్చి, జపాన్ పనితనంతో కట్టాడు. మూలల్లో రాయిలా కనిపించేది సున్నపు పని. బడి పేరు పట్టుకుని ఎగిరే దేవదూతల కింద కొయ్యలో చెక్కిన డ్రాగన్ ఉంటుంది. కోటలాగే ఇదీ జాతీయ నిధి, 2019లో ఆ హోదా వచ్చింది.

శాకాహారులకు ఇక్కడ చిక్కు సోబా, అంటే బక్‌వీట్ నూడుల్స్ దగ్గరే. నూడుల్స్ పిండివే, కానీ ముంచుకునే పులుసులో ఎండుచేప 'కత్సుఓబుషి' సారం ఉంటుంది. "మాంసం లేదు" అని వాళ్లు చెప్పేది నిజమే, చేప ఆ లెక్కలోకి రాదు. పులుసు వద్దని ఉప్పు అడగండి, కొన్ని దుకాణాల్లో ఇస్తారు. చివర్లో తెచ్చే చిక్కటి నీళ్లు సోబా ఉడికించినవి, అలాగే తాగొచ్చు. ఆవిరి బూరెలాంటి ఒయాకిలో ఎర్రచిక్కుడు తీపి ముద్ద ఉన్నది నిశ్చింతగా తినొచ్చు. ఆకుకూర ఒయాకిలో చేపసారం కలిపారేమో అడగాలి. సోబా దుకాణాలు కొన్ని మధ్యాహ్నం పిండి అయిపోగానే మూసేస్తాయి, పన్నెండులోపు వెళ్లండి.

బసకు స్టేషన్ దగ్గరి బిజినెస్ హోటళ్లు చవక, గదులు ఇరుకు. రెండు పెద్ద పెట్టెలు తెరిస్తే నడవడానికి చోటుండదు. వేడినీటి ఊటలు కావాలంటే బస్సులో అసామా ఓన్‌సెన్. అక్కడి సత్రాల్లో రాత్రి భోజనం చేపలతోనే నడుస్తుంది, ఆలస్యంగా చేరితే ఆ భోజనమూ పోతుంది. శాకాహారులు 'సుదొమారి', అంటే భోజనం లేని గది తీసుకుని, తినేసి వెళ్లాలి. ఒక్క రాత్రే అయితే స్టేషన్ దగ్గరే మంచిది, పొద్దున్నే కోటకు నడవొచ్చు.

మిగిలిన సాయంత్రం నకామాచికి. 1888 అగ్నిప్రమాదం తర్వాత వ్యాపారులు మందపాటి గోడలతో, నలుపు తెలుపు గళ్ల పూతతో కట్టుకున్న గిడ్డంగుల వీధి ఇది. దక్షిణంగా నాలుగడుగులేస్తే గెంచి బావి. కొండల నీరు నేల అడుగునుంచి ఊటగా పైకి పొంగుతుంది. ఊరివాళ్లు క్యాన్లు తెచ్చి పట్టుకెళ్తారు. ఖాళీ సీసా ఉంచుకోండి, డబ్బు అక్కర్లేదు.